ఖాళీగా వచ్చిన ప్లేట్లు

కరోనా గొడవ సద్దుమణిగి బళ్లు సక్రమంగా నడవడం మొదలైన మరుసటి ఏడాది సంగతి ఇది. బందరులో, పెడన వెళ్లే రోడ్డు పక్కనున్న ఒక ప్రైవేటు స్కూల్లో క్యాంటీన్ నాది. నాది అంటే కాంట్రాక్టు నాది. గోడలూ బల్లలూ స్కూలువి, పొయ్యీ గిన్నెలూ తిట్లూ నావి. అంతకుముందు చాలా ఏళ్లు నేను ఒక రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్‌గా చేశాను. బంటుమిల్లి నుంచి దివిసీమ దాకా నేనెక్కని చెరువు గట్టు లేదు. వైరస్‌లు వచ్చి చెరువులు ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతింటుంటే, రైతుల మొహాలు చూడలేక ఆ ఉద్యోగం మానేశాను. "మేత పెట్టడం వచ్చుగా, పిల్లలకి పెట్టండి" అంది మా ఆవిడ. ఆవిడ వేళాకోళానికే అంది. నేను మాత్రం నిజంగానే ఆ పనిలో దిగాను.

అసలు కథలోకి వెళ్లేముందు చెక్ ట్రే అంటే ఏమిటో చెప్పాలి. రొయ్యలు నీళ్ల అడుగున తిరుగుతాయి. వేసిన మేత తిన్నాయో లేదో గట్టు మీంచి కనపడదు. అందుకని వల బిగించిన వెడల్పాటి పళ్లేనికి తాడు కట్టి, అందులో కాస్త మేత వేసి చెరువులోకి దించుతాం. కొంతసేపాగి పైకి లాగి చూస్తాం. దాన్నే చెక్ ట్రే అంటారు. మేత మిగిలితే మర్నాటికి తగ్గించాలి, ట్రే ఖాళీగా వస్తే పెంచాలి. అన్నేళ్లు నేను జీతం తీసుకున్నది ముఖ్యంగా ఈ ఒక్క ముక్క రైతులకి చెప్పినందుకే.

క్యాంటీన్ పెట్టిన కొత్తలో నా పని హాయిగా సాగింది. కర్రీ పఫ్‌లు, సమోసాలు, నూడుల్స్, రంగు రంగుల కూల్‌డ్రింకులు. పిల్లలు ఇంటి నుంచి బాక్సులు తెచ్చుకునేవాళ్లు. అది తిని, మూతి తుడుచుకోకుండానే నా కౌంటర్ దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాళ్లు. ఏడో తరగతి యామిని వాళ్లందరిలోకీ ముందుండేది. బంటుమిల్లి దగ్గర పల్లెటూరి పిల్ల, వాళ్ల నాన్న చేపల చెరువులు చేస్తాడు. సన్నగా, చురుగ్గా ఉండేది. ఖో ఖో ఆటలో దాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. "అంకుల్, పఫ్. అంచు మాడింది ఇవ్వండి" అనేది రోజూ. మాడిన అంచు ఎందుకే అంటే, కరకరలాడుద్ది అనేది.

ఆ ఏడాది మా ప్రిన్సిపాల్ మేడమ్ విజయవాడలో ఏదో వర్క్‌షాపుకి వెళ్లొచ్చారు. మేడమ్ మంచి మనిషే. పిల్లల విషయంలో మాత్రం పట్టిన పట్టు విడవరు. వస్తూ వస్తూ ఒక పెద్ద చార్టు తెచ్చి డైనింగ్ హాల్లో అంటించారు. ఎడమవైపు పచ్చరంగు, 'హెల్దీ'. కుడివైపు ఎరుపు, 'జంక్'. పచ్చ వైపు కొర్రల ఉప్మా, రాగిజావ, ముడిబియ్యం కిచిడీ, మొలకలు, ఉడకబెట్టిన కూరగాయలు. ఎరుపు వైపు మొత్తం నా కౌంటరే. పఫ్ బొమ్మ మీద అడ్డంగా గీత కూడా కొట్టి ఉంది.

"ప్రసాద్ గారూ, సోమవారం నుంచి ఎడమవైపువే వండాలి. ఇంటి నుంచి బాక్సులు కూడా వద్దంటున్నాను. ఆ బాక్సుల్లో చిప్స్, నూడుల్స్ పెట్టి పంపిస్తున్నారండీ కొంతమంది తల్లులు. అందరికీ మన దగ్గరే భోజనం" అన్నారు మేడమ్.

"పిల్లలు తింటారంటారా అండీ?" అన్నాను.

"తినేలా చేద్దాం. టేబుల్‌కి ఎనిమిది మంది. ఏ టేబుల్లో ప్లేట్లన్నీ ఖాళీ అవుతాయో ఆ టేబుల్ వాళ్లకి గ్రౌండ్‌లో పది నిమిషాలు ఎక్కువ."

నాకు నచ్చింది. వ్యాపారం పోతుందని దిగులుపడ్డ మాట నిజమే గానీ, భోజనాలకి నెలకింత అని స్కూలే ఇస్తానంది కాబట్టి కుదుటపడ్డాను. పైగా చిన్నపిల్లలకి మైదాపిండి, కాగిన నూనె అమ్ముకుంటున్నానన్న గిల్టు నాకూ లోపల ఎక్కడో ఉండేది. హాలు చివర ఒక టబ్బు పెట్టాం. మిగిలింది అందులో వెయ్యాలి. దాన్ని మా లైన్లో ప్లేట్ వేస్ట్ అంటారు, అంటే వడ్డించాక తినకుండా వదిలేసింది. నా లెక్కలో అదే చెక్ ట్రే.

మొదటి రోజుల్లో టబ్బు నిండిపోయింది. తర్వాత తగ్గింది. పోను పోను యామిని వాళ్ల టేబుల్ నుంచి ఒక్క గింజ కూడా రావడం మానేసింది. ఎనిమిది ప్లేట్లూ నాకినట్టు మెరుస్తూ వచ్చేవి. మేడమ్ మిగతా క్లాసుల వాళ్లని పిలిచి ఆ ప్లేట్లు చూపించేవారు. నేనేం చేసి ఉంటానో మీరు ఊహించే ఉంటారు. ట్రే ఖాళీగా వచ్చింది, మేత పెంచాను. ఆ టేబుల్‌కి గరిటె నిండుగా, మీద ఇంకాస్త. అదీ ఖాళీ అయింది. ఇంకా పెంచాను. మా వంట చేసే నాగమణక్క "తమ్ముడూ, అంత చిన్నపిల్లలు అంత కిచిడీ ఎక్కడ పెట్టుకుంటున్నారు?" అని అడిగింది కూడా. ఎదిగే వయసక్కా అన్నాను.

దసరా సెలవుల తర్వాత పేరెంట్స్ మీటింగ్ పెట్టి, పిల్లలందరినీ బరువు తూచారు. మన కొత్త భోజనం మహిమ తల్లిదండ్రులకి చూపిద్దామని మేడమ్ ముచ్చట. ఆ రోజు మధ్యాహ్నం నా కౌంటర్ ముందుకి ఇద్దరు తల్లులు ఒకేసారి వచ్చారు. ఒకావిడ తేజ వాళ్లమ్మ. తేజ యామిని క్లాసే, టేబుల్ కూడా అదే. బొద్దుగా, బుగ్గలు ఉబ్బి, ఎవరేమన్నా నవ్వే పిల్లాడు. రెండో ఆవిడ యామిని తల్లి సుజాత.

తేజ వాళ్లమ్మే ముందు అందుకుంది. "ప్రసాద్ గారూ, పఫ్‌లు తిని లావవుతున్నాడనే కదండీ మేడమ్ మానిపించింది. ఇంట్లో నేను రాత్రికి రెండు పుల్కాలే పెడుతున్నాను. అయినా ఇంకా లావయ్యాడు. ఏం పోసి వండుతున్నారండీ, డాల్డానా?"

"నూనె కూడా చెంచాతో కొలిచి పోస్తున్నామండీ" అన్నాను.

"అన్నా, మరి మా పిల్ల సంగతేంటి?" అంది సుజాత. "పొద్దున్నే బస్సెక్కుద్ది, సాయంత్రం రాగానే పుస్తకాల సంచీ మీదే తల పెట్టుకుని పడుకుండిపోద్ది. యూనిఫాం చొక్కా బుజాల మీంచి జారిపోతంది. అసలు మీరేవన్నా పెడుతున్నారా దానికి?"

"ప్లేటు రోజూ ఖాళీగానే వస్తుందమ్మా. నా కళ్లతో చూస్తున్నా."

"తింటే ఎటు పోద్దన్నా తిన్నదంతా?"

ఒకే పొయ్యి, ఒకే గిన్నె, ఒకే గరిటె. ఆ తిండే తిని ఒకడు లావయ్యాడు, ఆ తిండే తిని ఒకతి చిక్కిపోయింది. పచ్చ చార్టు కింద నిలబడి ఆ ఇద్దరూ నన్ను కల్తీ వ్యాపారిని చూసినట్టు చూశారు. సుజాత వెళ్తూ వెళ్తూ, "ఈ నెల చూస్తానండీ మేడమ్ గారూ. పిల్ల ఇలాగే ఉంటే మా ఊళ్లో బళ్లోనే వేసేస్తాం. దానికి ఆటల పిచ్చి, ఇక్కడైతే గ్రౌండ్ ఉందని పంపిస్తన్నాం గానీ..." అని ఆగిపోయింది. పక్కనున్న యామిని తల వంచుకుని నేలమీద బూటుతో గీతలు గీస్తోంది.

నిజం చెప్పాలంటే ఆ వారమంతా నా బుర్ర పనిచెయ్యలేదు. నులిపురుగులా అనుకుంటే, స్కూల్లో అందరికీ మాత్రలు అప్పటికే వేశారు. సుజాత పిల్లని డాక్టరుకి చూపించింది. రోగమేమీ లేదు, రక్తం తక్కువగా ఉంది, బాగా తినిపించండి అన్నాడట ఆయన. బాగా తినిపించడమంటే మేము చేస్తున్నది అదే కదా! నీళ్లా? వంటా? నా చేతిలోనే ఏదైనా లోపమా? రాత్రి అన్నం ముందు కూర్చుని కూడా అదే గొణుగుతుంటే, "కాస్త మీరు తినండి ముందు" అని కసిరింది మా ఆవిడ.

ఒక సాయంత్రం గ్రౌండ్‌లోంచి కేకలు వినపడ్డాయి. ఖో ఖో ప్రాక్టీసులో యామిని పరిగెడుతూ పరిగెడుతూ మధ్యలో చతికిలబడిపోయింది. కళ్లు తిరిగాయట. నేను వెళ్లేసరికి పీఈటీ సారు దాని మొహాన నీళ్లు చల్లుతున్నారు. "జోనల్ ఆటలకి ఈ పిల్ల మీదే ఆశలు పెట్టుకున్నానండీ. ఇలాగైతే వేరే అమ్మాయిని తీసుకోక తప్పదు" అన్నారాయన. పడినప్పుడు ఏడవని పిల్ల ఆ మాటకి ఏడ్చింది. లేపి, నెమ్మదిగా నడిపించుకుంటూ వంటింట్లోకి తీసుకొచ్చాను.

అప్పుడు నాగమణక్క గిన్నెలు దించుతోంది. మధ్యాహ్నం వడ్డనల హడావుడిలో మాకు తినడానికి కుదరదు. బస్సులు కదలబోయే వేళకి తీరిగ్గా తింటాం. మా కోసం చిన్న గిన్నెలో వేరే వండుకుంటాం. తెల్లన్నం, కందిపప్పు, ఆ రోజు వంకాయ వేపుడు, అప్పడాలు. యామినిని స్టూలు మీద కూర్చోబెట్టి నిమ్మరసం కలుపుతున్నాను. పిల్ల నా వైపు చూడటం లేదు. గిన్నె మూత తియ్యగానే లేచిన ఆవిరినే చూస్తోంది.

"అంకుల్, అది ఎవరికి?"

"మాకేనమ్మా."

"మీరు ఇది తినరా?" అని మూలనున్న పెద్ద గిన్నె చూపించింది. అందులో మధ్యాహ్నం మిగిలిన ముడిబియ్యం కిచిడీ ఉంది.

మేం ఎప్పుడూ తినలేదు. రుచి చూసి ఉప్పు సరిపోయిందనుకోవడమే తప్ప, పళ్లెంలో పెట్టుకుని తిన్న పాపాన పోలేదు. అది తప్పనీ, తేడా అనీ కూడా మాకు తట్టలేదు. అది పిల్లల తిండి, ఇది మన తిండి, అంతే. నాగమణక్క ఒక పళ్లెంలో అన్నం పెట్టి, పప్పు వేసి, నెయ్యి చుక్క వేసి దాని చేతికిచ్చింది. ఆ పిల్ల తిన్న తీరు నేను మర్చిపోలేను. తొందర లేదు, మాట లేదు. వేళ్లతో మెత్తగా కలుపుకుని ముద్ద తర్వాత ముద్ద. రెండోసారి పెట్టించుకుంది. మూడోసారి కూడా.

"మధ్యాహ్నం తిన్నావుగా తల్లీ?" అన్నాను.

చెయ్యి ఆగింది. "తేజని ఏమీ అనకండి అంకుల్."

"వాణ్ణెందుకంటాను?"

"మా టేబుల్లో అందరం వదిలేసింది వాడే తింటాడు. నేనైతే అసలు ముట్టను. పాపం, ఇంట్లో వాళ్లమ్మ సరిగా పెట్టదంట, వాడికి ఆకలి. మాకేమో గ్రౌండ్ కావాలి. నాకు ఇంకా ఎక్కువ కావాలి, ప్రాక్టీస్ ఉంటది కదా. అందుకని వాడు తినేస్తాడు, మేం ఖాళీ ప్లేట్లు పెట్టేస్తాం."

"ఎనిమిది ప్లేట్లూనా?"

"మీరు మా టేబుల్‌కి ఎక్కువ పెట్టడం మొదలెట్టాక వాడికి కూడా కష్టమైపోయింది అంకుల్. మొన్న కడుపునొప్పని ఏడ్చాడు."

రొయ్యల చెరువులో దీన్నే సైజ్ వేరియేషన్ అంటారు. కొన్ని రొయ్యలు బలిసి, మిగతావి పిల్లలుగానే ఉండిపోతాయి. ట్రే దగ్గరికి ముందొచ్చినవే తిని, వెనకవాటికి అందనివ్వవు. ట్రే మాత్రం ఖాళీగానే వస్తుంది. ఎంతమంది రైతులకి చెప్పుంటాను, ట్రేతో పాటు చెరువు మొత్తం చూడండయ్యా అని! ఇక్కడ మాత్రం టబ్బులోకే చూస్తూ కూర్చున్నాను.

"పోనీ నువ్వెందుకు తినవు? అంత బాగోదా?"

యామిని నాగమణక్క వైపు మొహమాటంగా చూసింది. వంట బాగోలేదంటే ఏమనుకుంటుందోనని. "బాగోక కాదంకుల్. మధ్యాహ్నం రోజూ కిచిడీయే కదా, అది నోటి దగ్గరికి రాగానే మా చెరువు సంచుల వాసన గుర్తొస్తది."

నాకు ఇక విడమర్చి చెప్పక్కర్లేదు. మా వైపు చేపల చెరువుల్లో తవుడూ వేరుశెనగ చెక్కా కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, నీళ్లలో పాతిన కర్రలకి కడతారు. చేపలొచ్చి ఆ చిల్లుల్లోంచి లాక్కుని తింటాయి. వాళ్లింటి వసారాలో తవుడు బస్తాలు ఎప్పుడూ పేర్చే ఉంటాయట. సెలవుల్లో వాళ్ల నాన్నతో పడవెక్కి, నానిన సంచులు దులిపేది ఈ పిల్లే. తవుడు తీసెయ్యని బియ్యం కాబట్టే ముడిబియ్యం మంచిదని చార్టులో రాసి ఉంది. ఆ తవుడే ఈ పిల్లకి చేపల మేత. నేను వెళ్లి గిన్నె మూత తీసి వాసన చూశాను. నిజమే. మధ్యాహ్నం నుంచీ మూత పెట్టి ఉంచిన కిచిడీ అచ్చం గట్టు మీద వాసనే వేస్తోంది. ఇన్నాళ్లూ ఆ వాసన నాకెందుకు తెలియలేదో మరి. బహుశా నేను దాంట్లోనే పెరగడం వల్ల కావచ్చు.

"మరి ముందు ఏం తినేదానివి? పఫ్ ఒక్కటేనా?"

"కాదంకుల్! అమ్మ బాక్సులో అన్నం పెట్టేది కదా. పప్పో, చేపల పులుసో. అదంతా తిన్నాకే పఫ్ కొనుక్కునేదాన్ని."

అందరం పఫ్ సంగతే గుర్తు పెట్టుకున్నాం. మేడమ్, నేను, ఆఖరికి సుజాత కూడా. ఆ పఫ్ మానిపించడానికి అన్నం బాక్సు మానిపించామన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

చెయ్యి కడుక్కుని వెళ్లబోతూ, హాల్లో చార్టు ముందు ఆగింది యామిని. కాసేపు రెండు వైపులా చూసి, "అంకుల్, అన్నం పప్పు ఎటు?" అంది.

నేనూ చూశాను. పచ్చ వైపు లేదు. ఎరుపు వైపు లేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా జిల్లా అంతా తినే తిండి ఆ చార్టులో ఎక్కడా లేదు.

మర్నాడు మేడమ్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ముందు నమ్మలేదు. తేజని పిలిపించి అడిగారు. వాడు నవ్వుతూనే ఒప్పుకుని, "నన్ను వేరే టేబుల్‌కి మార్చకండి మేడమ్, వాళ్లు నా ఫ్రెండ్స్" అన్నాడు. వాడు వెళ్లాక మేడమ్ నా వైపు తిరిగారు.

"తెల్లబియ్యం అంత మంచిది కాదని వాళ్లు లెక్కలతో సహా చూపించారండీ ప్రసాద్ గారూ. అబద్ధమంటారా?"

"నిజమే అయ్యుండొచ్చండీ. దాని సంగతి నాకు తెలియదు. కానీ పిల్ల లోపలికి ఏదో ఒకటి వెళ్తే కదండీ, అది మంచో చెడో అనుకోవడానికి."

"పోనీ రేపు చార్టులో అన్నం పప్పు కూడా రాస్తాను. ఎటు రాయమంటారు?"

"అది కూడా నాకు తెలియదండీ."

ఆవిడకి కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. "మీరు మధ్యాహ్నం ఏం తింటారు?" అన్నారు. చెప్పాను. మేడమ్ బల్ల కింది నుంచి స్టీలు క్యారేజీ తీసి నా ముందు పెట్టారు. పై గిన్నెలో అన్నం, కింది గిన్నెలో ముద్దపప్పు, ఆవకాయ. మళ్లీ మూత పెట్టేశారు.

ఇంటి బాక్సులు మళ్లీ వచ్చాయి. గ్రౌండ్ పందెం తీసేశారు. కొర్రల ఉప్మా, మొలకలు ఉంచాం. నిమ్మరసం, ఉల్లిపాయ కలిపితే ఆ మొలకలు యామినే అడిగి మరీ తింటోంది. తేజ వాళ్లమ్మకి మేడమే మెల్లగా నచ్చజెప్పారు. వాడికి రాత్రి కడుపునిండా పెడుతున్నారు. వాడిప్పటికీ బొద్దుగానే ఉన్నాడు, ఇప్పటికీ నవ్వుతాడు. యామినిని పీఈటీ సారు జట్టులోంచి తీసెయ్యలేదు. జోనల్స్‌కి వెళ్లేరోజు సుజాత బస్సు దగ్గరికొచ్చి, కూతురి బుగ్గ పట్టుకుని నాకు చూపించింది. బస్సు కదులుతుంటే యామిని కిటికీలోంచి తల బయటపెట్టి, "అంకుల్, పఫ్‌లు మళ్లీ ఎప్పుడు పెడతారు?" అని అరిచింది. సరే అనాలో వద్దనాలో తెలియక చెయ్యి ఊపాను.

ఏది మంచి తిండో, ఏది చెత్త తిండో నాకు ఈ రోజుకీ పూర్తిగా అర్థం కాలేదు. పఫ్ మంచిదని ఎప్పుడూ అనను. ముడిబియ్యం చెడ్డదనీ అనను. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒక్కటే. ప్లేటు ఖాళీగా వస్తే సంతోషపడిపోను. నా పళ్లెం పట్టుకుని హాల్లోకి వెళ్లి, రోజుకో టేబుల్ దగ్గర పిల్లల మధ్య కూర్చుంటాను. వాళ్లకి వడ్డించిందే నేనూ తింటాను, నాగమణక్కా తింటుంది. ఆ సాయంత్రం తర్వాత మా వంటింట్లో మా కోసమని వేరే గిన్నె పొయ్యెక్కలేదు.